పసుపు గడియారం ఎంత వేగంగా తిరుగుతుంది?

మాఘ, ఫాల్గుణ మాసాలలో ఆర్మూరు నుంచి భీమ్‌గల్ వైపు బయలుదేరితే దారికి రెండు పక్కలా కనిపించేదంతా పసుపే. ఒక చేలో తవ్వుతుంటారు, ఒక చోట ఉడకబెడుతుంటారు, మరో చోట కల్లంలో పరచి తిరగేస్తుంటారు. లింబాద్రి గుట్టమీది నరసింహస్వామి దర్శనానికి వచ్చిన పరాయి ఊరివాళ్లు కూడా ఆ వాసనను బట్టే ఇది పసుపు సీమ అని పోల్చుకోగలరు. ఇటువంటి ఊళ్లో పుట్టి పెరిగిన విద్యార్థి ఇంటర్మీడియెట్‌లో చేరి, గణితంలో అవకలనం అనే పాఠం చదువుతాడు. అందులో ఘాతాంక ప్రమేయాలు వస్తాయి, వాటికి వాడే శృంఖల నియమం వస్తుంది. తన ఇంటి కల్లంలో ఏటేటా జరుగుతున్నది సరిగ్గా అదేనని అతనికి సాధారణంగా ఎవరూ చెప్పరు. చెప్పకపోవటం వల్ల పోయేది ఒక కథ మాత్రమే అయితే ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు. ఆ పాఠంలోని అసలు ముక్కే పోతున్నదని నా అభిప్రాయం.

మీలో తొమ్మిది, పది తరగతుల వాళ్లకు ఈ పేర్లు కొత్త కావచ్చు. ఒక రాశి మారుతూ ఉన్నప్పుడు, సరిగ్గా ఈ క్షణాన అది ఎంత వేగంగా మారుతున్నదో కనిపెట్టటమే అవకలనం. అలా కనిపెట్టిన వేగానికి అవకలజం అని పేరు. ఇంతమాత్రం తెలిస్తే చాలు. మిగిలినవి హెచ్చవేతలూ భాగహారాలే.

ముందు కల్లం సంగతి చూద్దాం. తవ్విన పసుపును కొమ్ములు వేరుగా, మండలు వేరుగా విరిచి ఉడకబెడతారు. ఉడికితే పచ్చి వాసన పోతుంది. లోపలి పిండి పదార్థం గంజిలా మారి, రంగు దుంప అంతటా సమంగా పరుచుకుంటుంది. తర్వాత త్వరగా, ఒకే తీరుగా ఎండుతుంది కూడా. ఉడికిన పసుపును 10 నుంచి 15 రోజులు ఎండలో ఆరబెడతారు. ఎండిన పసుపులో తేమ నూటికి 10 పాళ్లకు మించకూడదని వ్యాపారంలో సాధారణంగా పాటించే లెక్క. తేమ మిగిలిన సరుకుకు బూజు పడుతుంది. కొన్ని రకాల బూజులు ఆఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. అంతదాకా పోకపోయినా మార్కెట్‌లో ధర తెగుతుంది. 2025 జనవరి 14న నిజామాబాదు కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. బోర్డు వచ్చినా, ధర పెరిగినా తగ్గినా, కల్లంలోని నీరు మాత్రం తన లెక్క ప్రకారమే పోతుంది. ఆ లెక్క ఏమిటి?

సులువుగా ఉండటానికి కొన్ని అంకెలు అనుకుందాం. కల్లంలో 100 కిలోల ఉడికిన పసుపు ఉంది. అందులో 80 కిలోలు నీరు, 20 కిలోలు గట్టి పదార్థం. మంచి ఎండలో ఈ నీరు 3 రోజులకొకసారి సగమవుతుందనుకోండి. 3వ రోజుకు 40 కిలోల నీరు మిగులుతుంది, 6వ రోజుకు 20, 9వ రోజుకు 10, 12వ రోజుకు 5, 15వ రోజుకు 2.5 కిలోలు. గట్టి పదార్థం ఎటూ పోదు. కాబట్టి 15వ రోజున కల్లంలో ఉన్న సరుకు 22.5 కిలోలు, అందులో తేమ నూటికి 11 పాళ్లు. ఇంకొక్క రోజు ఆగితే 9 పాళ్లకు దిగుతుంది.

మొదటి 3 రోజులలో 40 కిలోల నీరు పోయింది. చివరి 3 రోజులలో పోయింది 2.5 కిలోలే. ఎండ తగ్గిందా? లేదు. ఉన్న నీటిలో ఇన్నోవంతు పోవాలన్న నియమం ఏమైనా మారిందా? అదీ లేదు. పోవటానికి మిగిలిన నీరే తగ్గింది. ఎంత ఉంటే అంతకు తగిన వేగంతో మారేదాన్నే ఘాతాంక ప్రమేయం అంటారు. దీని మోసం చూడండి: 9వ రోజున 100 కిలోల కుప్ప 30 కిలోలకు వచ్చి, పైకి ఎండిపోయినట్టే కనిపిస్తుంది. కాని ఆ 30లో 10 కిలోలు నీరే. తేమ నూటికి 33 పాళ్లు! అప్పుడు తొందరపడి బస్తాలకెత్తినవాడి సరుకు ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఒక గడియారాన్ని ఊహించండి. దాని పేరు పసుపు గడియారం. దాని ముల్లు ఒక చుట్టు తిరిగితే కల్లంలో నీరు సగమవుతుంది. మరో చుట్టు తిరిగితే అందులో సగం. ఈ గడియారానికి రోజులూ గంటలూ తెలియవు. మన ఇంటి గోడ గడియారానికేమో నీటి సంగతి తెలియదు. రెండింటికీ ఉన్న సంబంధం ఒక్కటే: మంచి ఎండలో 3 రోజులకు పసుపు గడియారం ఒక చుట్టు తిరుగుతుంది.

ఆరబోసిన క్షణంలో నీరు రోజుకు ఎన్ని కిలోల వేగంతో పోతున్నది? ఇది మనకు కావలసిన ప్రశ్న. దీన్ని రెండుగా విడదీద్దాం. మొదటిది, పసుపు గడియారం లెక్కన చుట్టుకు ఎన్ని కిలోలు? సగం గదా, 40 అని తొందరపడకండి. 40 అనేది చుట్టంతా పూర్తయ్యాక తేలిన మొత్తం. చుట్టు మొదట్లో వేగం ఎక్కువ, చివర్లో తక్కువ. ఆరంభంలోని వేగం తెలియాలంటే ముల్లును ఏ కొంచెమో కదిలించి చూడాలి. ముల్లు చుట్టులో వెయ్యోవంతు కదిలితే 80 కిలోల నీటిలో సుమారు 55.4 గ్రాములు పోతాయి. అంటే చుట్టుకు 55.4 కిలోల వేగమన్నమాట. దీన్ని 80తో భాగిస్తే 0.693 వస్తుంది. ఏ క్షణానైనా సరే, అప్పుడున్న నీటిని 0.693తో హెచ్చిస్తే చుట్టుకు ఎంత వేగమో తెలుస్తుంది. రెండోది, రోజుకు ఎన్ని చుట్లు? ఒక చుట్టులో మూడోవంతు. ఇక రెండింటినీ హెచ్చించండి. 55.4ను 3తో భాగిస్తే, రోజుకు సుమారు 18.5 కిలోలు.

శృంఖల నియమం అంటే ఇంతే. శృంఖల అంటే గొలుసు. నీటికీ పసుపు గడియారానికీ మధ్య ఒక లంకె, పసుపు గడియారానికీ గోడ గడియారానికీ మధ్య ఇంకొక లంకె. వేగాలను కూడటం కాదు, హెచ్చించటం. ఇది మీకు తెలియని విద్యేమీ కాదు. పసుపు విరిచే కూలి మనిషి గంటకు 12 కిలోలు విరుస్తుందనీ, కిలోకు 5 రూపాయలు ఇస్తారనీ అనుకుంటే, గంటకు 60 రూపాయలని మీ ఇంట్లో బడికి వెళ్లనివాళ్లు కూడా చెప్పేస్తారు. వాళ్లు చేసింది గొలుసు లెక్కే.

ఈ నియమాన్ని రాతలో మొట్టమొదట వాడినవాడు జర్మనీ దేశపు గణితజ్ఞుడు లైబ్నిట్జ్ అని చెబుతారు, 1676లో. ఆ తొలి లెక్కలోనే ఆయన ఒక గుర్తు దగ్గర పొరబడ్డాడు. ఈ సంగతి తెలిశాక, రుణ గుర్తు మరిచిపోయే విద్యార్థులమీద నాకు కోపం చాలావరకు తగ్గిపోయింది. పాఠం చెప్పే తీరు మీద మాత్రం తగ్గలేదు.

ఎందుకో చెబుతాను. పైలెక్కలో 0.693 అనే సంఖ్య వచ్చింది గదా. సగం కావటాన్ని కొలబద్దగా పెట్టుకున్నాం కాబట్టి, అంటే 2ను ఆధారంగా తీసుకున్నాం కాబట్టి అది వచ్చింది. మూడోవంతు కావటాన్ని కొలబద్దగా పెట్టుకుంటే 1.0986 వచ్చేది. 2కు 1 కంటే తక్కువ, 3కు 1 కంటే ఎక్కువ. మధ్యలో ఎక్కడో, ఆ గుణకం సరిగ్గా 1 అయ్యే ఆధారం ఉండాలి. ఉంది. అది 2.71828 చిల్లర. ఆయిలర్ 1731లో రాసిన ఒక ఉత్తరంలో దాన్ని ‘ఈ’ అనే అక్షరంతో సూచించాడు. 1748లో వచ్చిన ఆయన గ్రంథంతో ఆ పేరు స్థిరపడింది. ‘ఈ’ చేసే మేలు ఏమిటంటే, బయటి గుణకాన్ని 1గా చేసి అడ్డు తప్పించటం. అప్పుడు మిగిలేది లోపలి గుణకం ఒక్కటే. మన కల్లానికి అది 0.693 భాగించు 3, అంటే 0.231. ఉన్న నీటిలో రోజుకు 0.231 వంతు వేగంతో నీరు పోతున్నదని ఆ ఒక్క సంఖ్య చెప్పేస్తుంది. ఎండ తీవ్రత, గాలిలో పొడితనం, కొమ్ముల లావు, కల్లంలో పరచిన మందం, అన్నీ అందులోనే దాగి ఉన్నాయి. పుస్తకాలలో దీన్ని ‘కె’ అంటారు, కాలాన్ని ‘టి’ అంటారు. మిగిలిన నీరు, 80ని ‘ఈ పవర్ మైనస్ కె టి’తో హెచ్చించగా వచ్చినది.

మరి మనం పిల్లలకు మొట్టమొదట ఏం నేర్పుతున్నాం? ‘ఈ పవర్ ఎక్స్’ అవకలజం ‘ఈ పవర్ ఎక్స్’ అని. నిజమే, అందమైన ఫలితమే. అక్కడ బయటి గుణకం 1, లోపలి గుణకం కూడా 1. రెండూ కనిపించవు. లంకెలన్నీ దాచిపెట్టి గొలుసు చూపించినట్టు! విద్యార్థి మనసులో నాటుకునేది ఒక్కటే: ‘ఈ’ ఉన్నది అవకలనం చేస్తే మారదు. నెల తిరిగాక, లోపల ఇంకేదైనా ఉంటే దాని అవకలజంతో హెచ్చించాలి అని ఒక అతుకు వేస్తాం. అతుకు ఊడిపోతుంది.

ఊడిపోతే ఏమవుతుందో కల్లంలో చూడండి. లోపలి గుణకం మరిచిపోయిన విద్యార్థి లెక్క ప్రకారం, ఆరంభంలో నీరు రోజుకు 80 కిలోల వేగంతో మారుతుంది. రుణ గుర్తు కూడా లోపలే ఉండిపోయింది కాబట్టి ఆ మార్పు పెరుగుదల. ఎర్రటి ఎండలో పరచిన పసుపు గంట గంటకూ తడిసిపోతున్నదన్నమాట! పోనీ, రుణ గుర్తొక్కటి గుర్తుపెట్టుకున్నాడనుకుందాం. అప్పుడు రోజుకు 80 కిలోలు పోతుంది, అంటే ఆ వేగమే సాగితే మర్నాటికి చుక్క నీరుండదు. భీమ్‌గల్‌లో ఏ రైతుకు చెప్పినా నవ్వుతాడు. పరీక్ష కాగితంమీద మాత్రం దీనికి పోయేది ఒకటో రెండో మార్కులు. ఆ జవాబు ఎందుకు అసాధ్యమో విద్యార్థికి తోచనే తోచదు, ఎందుకంటే ‘ఎక్స్’ తడవదు, ఎండదు.

అయితే లోపలి గుణకం ఎప్పుడూ ఒకే స్థిర సంఖ్య అనుకోకూడదు. ఇక్కడే శృంఖల నియమం అసలు బలం తెలుస్తుంది. పొద్దు కుంకగానే మంచు పడకుండా కల్లంమీద టార్పాలిన్ కప్పుతారు. పసుపులో నీరు ఇంకా 60 కిలోలు ఉంది. అయినా పోతున్న వేగం దాదాపు సున్న. గోడ గడియారం టిక్కుటిక్కుమంటూనే ఉంది, పసుపు గడియారం నిలిచిపోయింది. రెండు లంకెలలో ఒకటి సున్న అయితే లబ్ధం సున్నే గదా. తెల్లవారి టార్పాలిన్ తీశాక ముల్లు మెల్లగా కదులుతుంది, ఎండ ముదిరినకొద్దీ వేగం అందుకుంటుంది, సాయంత్రానికి మళ్లీ మందగిస్తుంది. రోజంతా కలిపి మూడోవంతు చుట్టు. పగలు 8 గంటల ఎండ ఉందనుకుంటే సగటున గంటకు 24వ వంతు చుట్టు. మిట్టమధ్యాహ్నం అది 12వ వంతు కావచ్చు. బయటి లంకె మాత్రం రాత్రీ పగలూ ఒక్కటే: చుట్టుకు, ఉన్న నీటికి 0.693 రెట్లు. పసుపు స్వభావం ఒక లంకె, వాతావరణం ఇంకొక లంకె. ఏది ఎక్కడ ఉందో విడదీసి చూపించటమే ఈ నియమం గొప్ప.

దీనితో ఒక పనికివచ్చే లెక్క చేద్దాం. 9వ రోజు, నీరు 10 కిలోలు మిగిలి ఉంది. ఇంతలో మబ్బు పట్టింది. మబ్బులో నీరు సగం కావటానికి 3 రోజులకు బదులు 5 రోజులు పడుతుందనుకోండి. తేమ నూటికి 10 పాళ్లకు రావాలంటే నీరు సుమారు 2.2 కిలోలకు దిగాలి. 10 నుంచి 5, 5 నుంచి 2.5, ఇంకా కొంచెం. పసుపు గడియారంమీద రెండు చుట్లు దాటి మరి కాస్త. మంచి ఎండ ఉంటే ఆరున్నర రోజులు, ఇదే మబ్బు కొనసాగితే 11 రోజులు. వారంలో వాన ఉందని రేడియో చెప్పినా, ఫోన్ చెప్పినా, ఆ ఇంట్లో ఇంటర్మీడియెట్ చదివే పిల్లవాడు పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఈ లెక్క చేసి చూపించగలిగితే చదువుకు విలువ ఉంటుంది. పందిరి కిందికి మార్చాలా, పలచగా పరచాలా, టార్పాలిన్లు అరువు తేవాలా అన్నది పెద్దవాళ్లే తేల్చుకుంటారు.

ఇదంతా పసుపు పండే ఊళ్లకు సరే, మిగిలినవాళ్ల మాటేమిటి అని మీరు అడగవచ్చు. వాళ్లకూ గడియారాలు ఉన్నాయి. పురాతన కట్టెల వయసు చెప్పే కార్బన్-14 సగం కావటానికి 5,730 ఏళ్లు పడుతుంది. థైరాయిడ్ గ్రంథి చికిత్సలో వాడే అయొడిన్-131కి సుమారు 8 రోజులు చాలు. గీత గీస్తే మూడింటి ఆకారమూ ఒక్కటే. తేడా అంతా లోపలి గుణకంలోనే ఉంది: అయొడిన్‌కు రోజుకు 0.087, కార్బన్‌కు ఏడాదికి 0.00012. ఆ గుణకాన్ని మరిచిపోతే చికిత్స మందుకూ, శిలాయుగపు బొగ్గుకూ తేడా లేకుండా పోతుంది.

ఇంకొక అభ్యంతరం ఉపాధ్యాయుల నుంచి వస్తుంది. ‘ఈ పవర్ సైన్ ఎక్స్’ వంటి లెక్కలు వందచొప్పున చేయిస్తేగాని చేతికి వాటం రాదు, ఈ కల్లం కబుర్లకు వేళ ఎక్కడిది అని. సాధన కావాలన్న మాట నేను కాదనను. ఈతకు నీళ్లు, లెక్కకు కాగితం తప్పవు. కాని వంద లెక్కలకు ముందు ఒక్క లెక్క, ప్రమాణాలతో సహా, కిలోలు రోజులు రాసి చేయించమంటున్నాను. ‘ఈ పవర్ ఎక్స్’ను రెండో వారానికి వాయిదా వేసి, ‘ఈ పవర్ మైనస్ కె టి’తో మొదలుపెట్టమంటున్నాను. రోజుకు ఎన్ని కిలోలు అని అడిగితే జవాబులో ‘రోజుకు’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో విద్యార్థి వెతుక్కుంటాడు. అది ‘కె’ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాదు. మరిచిపోదామన్నా వీలు కాదు. దీనికి పట్టే కాలం ఒక్క పీరియడు.

ఒక మాట ఒప్పుకోవాలి. నిజమైన పసుపు మన లెక్కకు అక్షరాలా లొంగదు. మిగిలిన తేమకు తగిన వేగంతో వస్తువులు ఎండుతాయన్న నియమాన్ని అమెరికా ఇంజనీరు లూయిస్ 1921లో ప్రతిపాదించాడు. అందులోనే ఒక మెలిక ఉంది: నీరు పూర్తిగా సున్నకు దిగదు, చుట్టూ ఉన్న గాలితో సరితూగే తేమ కొంత మిగిలిపోతుంది. తగ్గేది ఆ మట్టానికి పైనున్న నీరు మాత్రమే. పైగా మొదట్లో ఉపరితలంమీది నీరు సులువుగా పోతుంది, తర్వాత దుంప లోపలి నుంచి పైకి రావలసిన నీరు నెమ్మదిస్తుంది. 1949లో పేజ్ అనే అతను మొక్కజొన్న గింజల ఎండుదలను పరిశీలించి, ‘టి’కి బదులు ‘టి’ తాలూకు ఒక ఘాతాన్ని లోపల పెడితే లెక్క బాగా కుదురుతుందని చూపించాడు. (మొక్కజొన్న కూడా మన నిజామాబాదు పంటే.) అంటే పసుపు గడియారం మంచి ఎండలో కూడా ఒకే వేగంతో తిరగకపోవచ్చు, పాతబడినకొద్దీ మందగించవచ్చు. అప్పుడు లోపలి గుణకం రోజురోజుకూ మారుతుంది. ‘కె’తో హెచ్చించు అని బట్టీ పట్టినవాడు ఇక్కడ ఆగిపోతాడు. రోజుకు ఎన్ని చుట్లు అని అడగటం నేర్చినవాడు ముందుకు పోతాడు.

మీ ఇంట్లోగాని, స్నేహితుల ఇంట్లోగాని పసుపు ఉడకబెట్టే రోజున అడిగి ఒక కిలో కొమ్ములు, ఒక కిలో మండలు తెచ్చుకోండి. వేరు వేరు చేటలలో పలచగా పరచి ఎండలో పెట్టండి. రోజూ సాయంత్రం ఒకే వేళకు రెండింటినీ తూచి నోటుపుస్తకంలో రాయండి. ఆ రోజు ఎన్ని గంటలు ఎండ కాసిందో పక్కన ఇంకొక గడిలో రాయండి. బరువు ఇక మారటం లేదని తేలేదాకా తూచాలి. ఆ చివరి బరువును ప్రతి రోజు బరువులో నుంచీ తీసేస్తే, ఆ రోజుకు పోవలసి మిగిలిన నీరు వస్తుంది. అది సగం కావటానికి ఎంతకాలం పట్టిందో చూడండి. మండలు లావు, కాబట్టి వాటి గడియారం కొమ్ముల గడియారంకంటే నెమ్మదిగా తిరుగుతుందని నేను పందెం కాస్తాను. ఎంత నెమ్మదో మీ తక్కెడ చెప్పాలి. తర్వాత గీతల కాగితంమీద రెండు పటాలు గీయండి, ఒకదానిలో అడ్డంగా రోజులు, రెండోదానిలో అడ్డంగా ఎండ కాసిన గంటలు. మబ్బు పట్టిన రోజు దగ్గర ఏ పటంలో గీత వంకర పోయిందో, ఏ పటంలో సాఫీగా సాగిందో చూడండి.